మామిడి ముట్టని నెల

ఖమ్మంలో ఒక కాలేజీలో సోషల్ వర్క్ అనే చదువు ఉంది. మనిషి మనిషికి ఎలా సాయం చేయాలో రెండేళ్ళు నేర్పి, పరీక్ష పెట్టి, చివర పట్టా ఇస్తారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో ఒకరి ఇల్లు కాలితే తెల్లారేసరికి ఊరంతా వెదుళ్ళు మోసుకొస్తుంది. వాళ్ళలో ఎవరికీ పట్టా లేదు. కానీ ఆ చదువు చెప్పే మేడం ఒకావిడ బస్సు దిగి, ఆటో దిగి, చివరి రెండు మైళ్ళు ఎండలో నడిచి, భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఇంటి ముందు నిలబడి చెమట తుడుచుకుంటుంటే నవ్వడం మర్యాద కాదు. మంచం వాల్చి మంచినీళ్ళు ఇచ్చాను.

ఆవిడకు నా సంగతి ఎవరో చెప్పారట. నేను పత్రికలకూ ఆఫీసర్లకూ ఉత్తరాలు రాసే కోయ ముసలివాణ్ణి. రాసినవాటిలో అచ్చయినవి తక్కువ; నేను రాసిన తిట్లతో సహా అచ్చయింది ఒక్కటీ లేదు. బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. కుర్రతనంలో తునికాకు కల్లంలో కావలి ఉండేవాణ్ణి. ఆకు కట్టలు ఎండుతుంటే వాటిని చూస్తూ కూర్చోవడమే పని. గుమస్తా అటుకులు కట్టి తెచ్చుకున్న పేపరు ముక్కలు ఏరుకుని, ఒక్కో అక్షరం వాణ్ణీ వీణ్ణీ అడిగి, చదవడం పట్టాను. అందుకే నా చదువులో సగం వార్తలే ఎక్కువ. హంతకుడు పారిపోయేవాడు గానీ దొరికిన సంగతి తెలిసేది కాదు. మిగతా సగం నేనే ఊహించి పూరించుకునేవాణ్ణి. నా కోపం కూడా ఆ ముక్కల్లోనే మొదలైంది. ఎక్కడ మా గురించి రాసినా అమాయక గిరిజనులు అనే రాసేవారు. అడవిలో ఏ పుట్టగొడుగు తింటే బతుకుతాడో, ఏది తింటే చస్తాడో తెలిసినవాడు అమాయకుడెలా అవుతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మేడం చెప్పిన ఇబ్బంది ఇది. ఆవిడ పాఠాల్లో జాతి వివక్ష మీద ఒకటుంది. పుస్తకం ఇంగ్లీషుది, ఉదాహరణలన్నీ అమెరికావి. తెల్లవాళ్ళు నల్లవాళ్ళను ఎలా చూశారో చెబితే పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, పేజీలకు పేజీలు రాస్తారు. మరి మన దగ్గరో అని అడిగితే, మన దగ్గర తెల్లవాళ్ళు లేరు కదా మేడం అంటారు. నన్ను వచ్చి మాట్లాడమంది. తన మాట వాళ్ళు నోట్సు రాసుకుంటున్నారు తప్ప వినడం లేదని బాధపడింది.

వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్యాంటు తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని మరీ వెళ్ళాను. గేటు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు పూలగుత్తి పట్టుకుని నన్ను దాటిపోయి ఆటోల్లోకి తొంగిచూశారు. కొమ్ముల తలపాగాతో ఎవరో దిగుతారని వాళ్ళ ఆశ. నేనే అని చెప్పుకున్నాక ఒకడు, తాతా డ్రెస్సు బ్యాగులో ఉందా అని అడిగాడు. రెండోవాడు ఏకంగా అరచేయి చాపి జాతకం చెప్పమన్నాడు. ఆ చేయి కాసేపు తిప్పి చూసి, "నువ్వు ఒక పరీక్ష మళ్ళ రాస్తవు బిడ్డా" అన్నాను. తర్వాత అది నిజమైందట. అందులో నా తప్పేమీ లేదు.

క్లాసులో మొదట మా బిరుదు గురించి చెప్పాను. మైదానంవాళ్ళు మమ్మల్ని కోయదొర అంటారు. నోటితో దొరా అని పిలిచి, గొడ్లకొట్టం పక్కన నిలబెట్టి, తాకకుండా పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసే మర్యాద ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటే ఆ ఇంగ్లీషు పుస్తకంలో చేర్చమని మేడంకు చెప్పాను. పిల్లలు నవ్వారు. అప్పుడు అడిగాను, మీ ఇళ్ళకు పత్తి ఏరడానికి వచ్చినవాళ్ళకు నీళ్ళు ఎందులో ఇస్తారని.

వెనక వరుసలో ఒక పొడుగాటి అమ్మాయి లేచింది. తల్లాడ దగ్గర పెద్ద రైతుల పిల్ల. వాళ్ళ తాతలు కృష్ణ ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. నవ్వుముఖం, దాపరికం లేని పిల్ల. "మా ఇంట్లో కూలీలకు గ్లాసులు వేరే ఉంటయి తాతగారూ. కానీ అది వివక్షెట్లయితది, అలవాటు. వాళ్ళు కూడా ఏమనుకోరు" అంది.

"అనుకోరని నీకెట్ల తెలుసు?"

"ఎన్నడూ ఏమనలేదు కదా."

క్లాసంతా తలలూపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గంటసేపు అరిచాను. చివర అందరూ చప్పట్లు కొట్టారు. అరిచినవాడికి చప్పట్లు కొట్టారంటే ఆ అరుపు ఎవరికీ తగల్లేదని అర్థం. మేడం ముఖం చూస్తే ఆవిడకూ ఆ సంగతి తెలిసినట్టే ఉంది.

బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఇంకా లోపల లోపల అరుస్తూనే ఉంటే, ఒక పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. క్లాసులో మొదటి వరుసలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడని పిల్ల. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, మా కోయ భాషలో నన్ను పలకరించింది. ఊరడిగితే, మా ఊరికి రెండు వాగుల అవతల.

ఆ క్లాసులో ఆమె కోయపిల్ల అని ఎవరికీ తెలియదట. భద్రాచలం టౌను అని చెప్పుకుంది. మొదటి నెలలో హాస్టలు గదిలో తల్లితో ఫోన్లో మాట్లాడుతుంటే, కోళ్ళను పిలుస్తున్నవా అని ఎవరో నవ్వారు. టీవీలో వచ్చిన మాట అని తప్పించుకుంది. అప్పటి నుంచి తల్లితో డాబా మీదికి పోయి తెలుగులోనే మాట్లాడుతోంది. ఆ తల్లికి తెలుగు సగమే వచ్చు. పండుగకు ఇంటికి పోయినా, వచ్చేటప్పుడు చేతి పచ్చబొట్టు కనపడకుండా నిండు చేతుల జాకెట్టు వేసుకుని వస్తుంది.

"వచ్చే నెల ఫీల్డువర్కుకు మమ్మల్ని మీ ఊరికే తోలుకొస్తరట తాతా. ఆడ నన్నెవరన్న గుర్తువట్టి పిలిస్తే ఇగ నేను ఆ హాస్టల్ల ఉండలేను. చదువిడిసి ఇంటికి పోత. దండం పెడత, ఎవరికీ చెప్పకు" అంది.

ఇంకెవరైనా అయితే ఆ బెంచీ మీదే నా రెండో ఉపన్యాసం వినేవాళ్ళు. ఆ పిల్లను తిట్టలేకపోయాను. నాకు ఇరవై ఏళ్ళున్నప్పుడు మా అమ్మను ఇదే ఖమ్మం దవాఖానాకు తెచ్చాను. లైన్లో నిలబడి అమ్మ కడుపు పట్టుకుని మా భాషలో ఏడుస్తుంటే చుట్టూ జనం మూతులు మూసుకుని నవ్వారు. కాంపౌండరు, ఆమె నీకేమవుతుందని అడిగాడు. మా ఊరామె అన్నాను. అమ్మకు ఆ మాత్రం తెలుగు తెలుసు. నయమై, ఊరికి వచ్చి, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికింది. ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు. నా ఉత్తరాల్లోని తిట్లలో చాలా భాగం ఆ రోజు నన్ను నేను తిట్టుకోవాల్సినవి. ఆ పిల్లకు ఇదేమీ చెప్పలేదు. సరే, చెప్పను అన్నాను.

ఊరికి వచ్చి మా వదినకు మాత్రం చెప్పాల్సి వచ్చింది, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పెద్ద ఆమే కనక. ఫలానా పిల్ల వస్తుంది, ఎరగనట్టు ఉండాలి అన్నాను. మా వదినకు నా చదువంటే మొదటి నుంచీ చులకన.

"మన పిల్లను మన పిల్ల అనొద్దా? ఇదేం సదువు మరిదీ, అయ్యవ్వలను మరిచేదా?"

అయినా ఒప్పుకుంది. మిగతా ఆడవాళ్ళనూ ఒప్పించింది. నేను కాలేజీ పిల్లలకు చెప్పబోయే రెండో ఉపన్యాసం తయారుచేసుకునే పనిలో పడ్డాను. ఈసారి మొదటి మాటకే గుండెలో దిగాలని పట్టుదల. నాలుగు కాగితాలు రాశాను. ఆ పట్టుదలలో ఉండగానే మేడం ఫోను చేసి, పిల్లలు ఊరందరికీ భోజనం వండి తెస్తామంటున్నారు, ఏం తెమ్మంటారు అని అడిగింది. ఏదైనా తెండి, మావాళ్ళు మీ చేతి కూడు సంతోషంగా తింటారు, మాకు మీలాంటి పట్టింపులు లేవు అని గొప్పగా చెప్పి పెట్టేశాను. నెల ఏదో చూసుకోలేదు.

అది మార్చి. చెట్ల నిండా పిందెలు కాయలవుతున్న రోజులు. మాలో కొత్తకాయ పండుగ చేయకుండా ఆ ఏటి మామిడి నోట పెట్టం. కింద పడ్డ కాయలతో పిల్లలు ఆడుకోవచ్చు గానీ కొరకకూడదు. పెద్దలు రోజు ఖాయం చేసి, ముందు వేల్పుకూ, పోయిన తాతలకూ పెట్టి, ఆ తర్వాత ఊరంతా ఒకేసారి తింటుంది. కాయ ముదరకముందే తెంపి పాడుచేయకుండా మా పూర్వులు పెట్టిన కట్టుబాటు అని నేను పత్రికకు రాశాను. మా వదిన మాత్రం, తాతలకంటే ముందు తింటే గొంతు దిగుతదా అంటుంది. ఆ ఏడు పండుగకు ఇంకా రోజు పెట్టలేదు.

వ్యాను వచ్చింది. పిల్లలు దిగారు. పంచాయతీ రేకుల షెడ్డులో అందరం కూర్చున్నాం. మా ఆడవాళ్ళు ఆ పిల్లను చూసి ఎంత ఎరగనట్టు ఉన్నారంటే, మిగతా అందరినీ పలకరించి ఆమె ఒక్కదాన్నే వదిలేశారు. ఎవరికైనా అనుమానం రావాల్సింది; అదృష్టం, ఎవరూ గమనించలేదు. ఆ పిల్ల తలవంచుకుని ఫారాలు నింపుతోంది. నేను నా నాలుగు కాగితాలు తీయబోతుంటే, ముందు భోజనాలన్నారు.

తల్లాడ పిల్ల మూత తీసింది. మామిడికాయ పులిహోర. వాళ్ళమ్మ తెల్లవారకముందే లేచి, తోటలో మొదటి కోత కాయలు తురిమి, పోపు పెట్టి, రెండు పెద్ద గిన్నెల నిండా పంపింది. షెడ్డంతా ఇంగువ వాసన. తల్లాడ పిల్ల మొదటి విస్తరి మా వదిన ముందు పెట్టింది. వదిన వంగి చూసి, నెమ్మదిగా పక్కకు జరిపింది. మాకొద్దు బిడ్డా అంది. రెండో ఆమె కూడా జరిపింది. మూడో ఆమె విస్తరి పెట్టనివ్వనే లేదు.

"మా అమ్మ శుభ్రంగా చేసింది అవ్వా. ఒక్క ముద్ద తిను" అంది పిల్ల.

"మంచిగనే చేసి ఉంటది. మాకొద్దు."

వదిన నావైపు చూసింది, చెప్పు, చదువుకున్నోడివి కదా అన్నట్టు. ఒక్క మాట. పండుగ కాలేదు అంటే అయిపోయేది. నేను రేకుల వంక చూస్తూ కూర్చున్నాను.

దాచడమెందుకు, నాకు సంతోషంగా ఉంది. దోసిట్లో పైనుంచి నీళ్ళు పోయించుకున్న ప్రతి గుమ్మమూ గుర్తొస్తోంది. పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు. మన చేతిది తినరా వీళ్ళు, మనమేం చేసినం అని ఒకరు. మనమంటే వీళ్ళకు పడదేమో అని ఒకరు. తల్లాడ పిల్ల గరిట పట్టుకుని అలాగే నిలబడింది. ముఖం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. తీసిపారేసింది అన్నాన్ని కాదు, వాళ్ళమ్మను అన్నట్టుంది ఆ ముఖం. నా నాలుగు కాగితాలూ చేయలేని పని రెండు గిన్నెల పులిహోర చేస్తుంటే మధ్యలో నోరు పెట్టడమెందుకని ఊరుకున్నాను. ఇంకాస్త నాననీ అనుకున్నాను.

మేడం ఇబ్బందిగా నవ్వి, సరే, ముందు మనం తిందాం అని పిల్లలకు వడ్డించమంది. ఒక విస్తరి మా కోయపిల్ల ఒళ్ళోకి వచ్చింది.

అప్పుడు నాకు తెలివొచ్చింది. మా ఆడవాళ్ళందరి కళ్ళూ ఆ విస్తరి మీదే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనడం లేదు, నేను అనొద్దన్నాను కనక. తింటే తన వాళ్ళ ముందు కట్టుబాటు తప్పుతుంది. తినకపోతే క్లాసు ముందు బయటపడుతుంది. పక్కనున్న గది స్నేహితురాలు మోచేత్తో పొడిచి, తినవే అంటోంది. నేను లేచి ఆ ఒక్క మాట చెప్పబోయాను. మోకాళ్ళు నా కోపమంత జల్దీగా లేవవు.

ఆ పిల్ల విస్తరిని రెండు చేతులతో తీసి కింద పెట్టింది. లేచి వచ్చి మా వదిన పక్కన కూర్చుంది. పండుగ ఎన్నడు పెట్టిండ్రు అని మా భాషలో అడిగింది, అందరూ వినేటట్టు. వదిన ఆమె తల నిమిరి, ఇంకా పెట్టలేదని చెప్పింది. పిల్ల తన క్లాసు వైపు తిరిగింది.

"వాళ్ళు మీ చేతిది వద్దనలే. మామిడిని వద్దన్నరు. పండుగ కాంది మేము తినం."

"మేమంటే?" అంది గది స్నేహితురాలు.

"కోయోళ్ళం."

గది స్నేహితురాలు నోరు తెరిచి, కాసేపు ఏదో లెక్క కట్టుకుని, "అయితే నిరుడు హాస్టల్ల మామిడికాయ పప్పు చేసిన్నాడల్లా నీకు కడుపునొచ్చింది" అంది. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వదిన ఇంట్లోంచి జొన్న జావ తెప్పించి ఆకు దొన్నెల్లో అందరికీ పోసింది. మీకు తప్పులేదు, మీరు తినుండ్రి అని వదిన ఎంత చెప్పినా పులిహోర మాత్రం ఆ షెడ్డులో ఒక్కరూ ముట్టలేదు. గిన్నెలు వ్యానులో పెట్టేశారు. ఊరి పొలిమేర దాటగానే ఖాళీ చేశారని డ్రైవరు తర్వాత చెప్పాడు.

నా ఉపన్యాసం ఎవరూ అడగలేదు. తల్లాడ పిల్ల దూరంగా వ్యాను మెట్టు మీద కూర్చుని, చాలాసేపటికి ఆ పిల్లను పిలిచింది. నేను దగ్గరలోనే ఉన్నాను, వినడానికే.

"నాకు చెప్తే ఏమనేదాన్నే నేను?"

"ఏమంటవో తెల్వకనే చెప్పలే."

ఆ తర్వాత మా కోయపిల్ల నా దగ్గరికి వచ్చింది. నేను మెచ్చుకోబోయాను. చేయి అడ్డం పెట్టింది.

"నీకు ఎరికే గద తాతా. ఒక్క మాటంటే ఒడిసిపోతుండె. నీ కసి తీర్చుకోనీకె నన్ను నడిమిట్ల నిలబెట్టినవు."

నా వయసుకు ఇప్పటిదాకా ఎంతోమందిని క్షమాపణ అడగమన్నాను. నేను అడిగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు అడిగాను. పక్కనుంచి వదిన, "మరిదికి ఇయ్యాల సదువొచ్చింది" అంది.

వ్యాను కదిలే వేళ ఆ పిల్ల బ్యాగు భుజాన వేసుకుని రోడ్డు మీదే నిలబడింది. రెండు వాగులు దాటితే ఇల్లు. ఎక్కితే హాస్టలు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. తల్లాడ పిల్ల కిటికీలోంచి వంగి, పక్క సీటు మీద తన చున్నీ పరిచి, "ఎక్కవే జల్దీ, ఆయన తిడుతుండు" అంది. ఆ పిల్ల నావైపు చూసింది. జీవితంలో మొదటిసారి నేను ఎవరికీ ఏ సలహా ఇవ్వలేదు. ఎక్కింది.

తర్వాతవన్నీ మేడం ఫోనులో చెప్పిన సంగతులు. ఆ పిల్ల ఇప్పుడు గదిలోనే కూర్చుని తల్లితో మాట్లాడుతోందట, గట్టిగా, పక్క గదివాళ్ళు తలుపు కొట్టేంత గట్టిగా. వెక్కిరించేవాళ్ళు పూర్తిగా మానలేదట. ఈమె తిరిగి ఇచ్చే జవాబులకు కొంత తగ్గారట. తల్లాడ పిల్ల రిపోర్టులో అమెరికా ఊసు లేకుండా, గరిట పట్టుకుని నిలబడ్డ ఆ పావుగంట గురించే రాసిందట. మీ ఇంట్లో గ్లాసుల సంగతేమైందని నేను ఆ ఫోనులోనే తల్లాడ పిల్లను అడిగాను. అమ్మతో కొట్లాట నడుస్తుంది తాతగారూ అంది. నడవనీ.

ఈ ఏడు కొత్త బ్యాచికి మేడం మళ్ళీ పిలిచింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. తీరా చూస్తే పాఠం చెప్పేది నేను కాదు, ఆ పిల్ల. చదువు పూర్తిచేసి, ఏజెన్సీలో బడి మానేసిన పిల్లలను తిరిగి బడికి తెచ్చే ఉద్యోగంలో ఉంది. పొట్టి చేతుల జాకెట్టు, ముంజేతి మీద పచ్చబొట్టు. నీకు చివర పది నిమిషాలే తాతా, అది కూడా తిట్టకుండా అని చెప్పి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఈ వయసులో బడి ఎక్కాను కదా, ఊరుకున్నాను.

అరగంట బాగానే నడిచింది. అప్పుడు కుసుమంచి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, పాపం మెచ్చుకుంటున్నాననే అనుకుని, "అక్కా, నువ్వు చూడనీకె కోయామె లెక్క లేవు" అన్నాడు.

నేను సగం లేచాను. ఆమె నావైపు చూడకుండానే చేత్తో కూర్చోమని సైగ చేసింది.

"ఎట్లుండాలె తమ్మీ?" అని అడిగి, సుద్దముక్క అతని చేతికిచ్చింది. "బోర్డు మీద గీసి చూపెట్టు."

కుర్రాడు నవ్వుతూ లేచి వెళ్ళాడు. గుండ్రంగా ముఖం గీశాడు. రెండు కళ్ళు పెట్టాడు. ముక్కు పెట్టాడు, నోరు పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. క్లాసులో ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. ఆమెకు తొందరేమీ లేనట్టుంది, బల్లకు ఆనుకుని చేతులు కట్టుకుంది.

"ఊఁ, ఇంకేం పెడతవు? పెట్టు" అంది.